పిన్ని తాండ్ర కేసు అమ్మేస్తోంది

నూజివీడు

అమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. ఫోన్ చేస్తే పక్కనే ఉన్న పిన్ని వింటుందని కార్డు రాస్తున్నాను. పోస్ట్‌మాన్ చదివితే చదువుకోనీ.

పిన్ని చేసి అమ్మిన మామిడి తాండ్రని చెమ్మ గోడౌన్‌లో పడేసి, పురుగు పట్టిందని ఊరంతా చాటాడే ఆ టోకు వ్యాపారి, వాడి మీద వేసిన కేసుకి ఇక మా దగ్గర డబ్బు లేదు. బ్యాంకువాళ్ళు తాండ్ర చేసే మిషన్‌కైతే అప్పిస్తారట, కోర్టుకి ఇవ్వరట. నిన్న కేసుల మీద పెట్టుబడి పెట్టే కంపెనీ మనిషి వచ్చాడు. పూత చూసి తోట కొనే షావుకారులా కాగితాలు తిరగేసి, "ఖర్చంతా మాదేనండీ. గెలిస్తే సగం మాకు. రాజీ ఎప్పుడన్నది మేమే చెప్తాం" అన్నాడు.

"రాజీలో మా తాండ్ర మంచిదేనని రాయిస్తారా?" అని అడిగాను.

"తప్పెవరిదో రాజీలో రాయరమ్మా. డబ్బొస్తుంది కదా!"

"మరి మా పేరు?" అని అరిచాను. పిన్ని నన్నే కసిరింది. "నోర్ముయ్యవే! పేరు తిని బతుకుతామా?"

సోమవారం సంతకం పెడుతుందట. నువ్వు అక్కవి, నీ మాటే వింటుంది, వద్దని చెప్పు. పెట్టకపోతే ఖర్చు భరించలేక కేసు ఆగిపోతుందని నాకూ తెలుసు. పెడితే ఎప్పటికీ పురుగుల తాండ్రవాళ్ళమే. ఇంకో దారి వెతికి వెతికి విసిగిపోయాను.

నాన్న మోకాలు ఎలా ఉంది? నా కాటన్ చుడీదార్లు మైలవరం బస్సులో పంపు. తమ్ముణ్ణి కాలేజీలో ఎవరైనా అడిగితే మన తాండ్రలో పురుగు లేదని చెప్పమను. నమ్మకపోయినా చెప్పమను.

నాన్నకి, నీకు నమస్కారాలు.
రోజా