నేస్తం పేరు

నవంబర్ 9, ఆదివారం

ఈ డైరీ నేస్తం ఇచ్చింది. అట్ట మీద కొండ బొమ్మ, కింద ఇంగ్లీషులో ఏదో కొటేషన్. ట్రెక్ రిపోర్టులు రాసుకోమంది. రిపోర్టులు ఎవడికి కావాలి, నా సంగతులే రాసుకుంటాను.

ఇవాళ ఇద్దరం నేస్తం కట్టుకున్నాం. మా వాకిట్లోనే. ఊళ్లో పూజలన్నీ చేసే సోంబరు తాత వచ్చి ఇద్దరి నుదుటా బియ్యం అద్దాడు. నేను తనకి చీర పెట్టాను. తను నాకు జిప్పున్న చలికోటు పెట్టింది. అది వేసుకుని నేను విస్తరి ముందు కూర్చుంటే అమ్మ నవ్వి నవ్వి కూలబడిపోయింది. ఒకే అడ్డాకు విస్తర్లో సామన్నం, కోడికూర తిన్నాం. కారానికి నేస్తం ముక్కు కారిపోయింది. అయినా ముద్ద వదల్లేదు.

తను విశాఖపట్నం గుంట. అక్కడ ట్రెక్కింగ్ ఆఫీసులో పని. తను జనాన్ని తెస్తుంది, నేను కొండ ఎక్కిస్తాను. మూడేళ్లుగా ఇదే మా పని. నాకు జ్వరం వస్తే జీపులో అరకు ఆస్పత్రికి తీసుకెళ్లింది తనే. అమ్మ కళ్లజోడు తనే తెచ్చింది. మా అక్కచెల్లెళ్లు కూడా ఇంత చూడలేదు, నిజం చెప్పాలంటే.

ఇంక ఒకరి పేరు ఒకరం పలకకూడదు. బతికినన్నాళ్లూ నేస్తం అనే పిలుచుకోవాలి. పదిమందిలో పేరు పలికితే తెగిపోయినట్టే. అందుకని ఇందులో కూడా రాయను. సోంబరు తాత మరీ మరీ చెప్పాడు, ఒళ్లు రెండు గానీ మనిషి ఒక్కటే, దాని ఆకలి నీ ఆకలి, దాని తప్పు నీ తప్పు అని. నేస్తం ఫోన్‌లో అదంతా రాసుకుంది కూడా.

నవంబర్ 11

రోజుకి వందసార్లు పిలిచిన పేరు. ఇవాళ ఫోన్ మాట్లాడుతూ రెండుసార్లు నాలుక కరుచుకున్నాను.

నవంబర్ 16, ఆదివారం

నేస్తాన్ని జాకర రాయి దాటించాను.

రాయి అంటే మా ఊరికి పైన మూడు గంటల నడక. మా కొండదేవత జాకర పేరున పసుపు రాసిన నల్లరాయి. బయటవాళ్లు అది దాటకూడదు. ఎంత పెద్ద బ్యాచ్ వచ్చినా అక్కడే ఆపి, ఫోటోలు తీసుకోమని, వెనక్కి తిప్పేస్తాను. డ్రోన్ ఉన్నాయన ఒకడు నాతో గొడవ పెట్టుకున్నాడు కూడా. ఒక్క అడుగు వేస్తే ఏమైపోద్దండీ అని. ఏటవుద్దో నాకూ తెలీదు. వేయకూడదు, అంతే. రాయి అవతల ఊట ఉంది. ఊరందరి కుళాయిలకీ పైపులో దిగే నీళ్లు అవే.

ఇప్పుడు నేస్తం బయటమనిషి కాదు. సోంబరు తాతని అడిగితే, మీ ఇంటి పిల్లేగా, తీసుకెళ్లవే అన్నాడు.

మా కాఫీ తోట దాటి చాలా దూరం పోయాక గుర్తొచ్చింది, కత్తి లేదని. నిన్న తోటలో పనస చెట్టు కింద పెట్టి మర్చిపోయాను. నువ్వు ఇక్కడ కూర్చో అన్నా నేస్తం వినలేదు. నాతోనే వెనక్కి వచ్చింది. చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగితే దొరికింది. మళ్లీ మొదలుపెట్టి నడిచాం. ఓలమ్మ, పట్నం కాళ్లు అయినా ఒక్క మాట అన్లేదు.

ఊట దగ్గర నేను డొప్ప కుట్టడానికి ఆకు కోసుకొస్తానని వెళ్లాను. వచ్చేసరికి బండ మీద కూర్చుని తనలో తనే నవ్వుకుంటంది. డొప్పతో నీళ్లు తాగించాను. తన చేతికున్న వాచ్ కూసింది. ఏటది అంటే, గుండె ఎంత కొట్టుకుంటుందో లెక్కపెడుతుందిలే అంది. నా చేతికి పెట్టి చూపించింది. నాది తనకన్నా నెమ్మది.

నవంబర్ 29, శనివారం

పద్నాలుగు మంది బ్యాచ్. వలిసె పూల కోసం వచ్చిన జనం, ఆ పసుపు చూస్తే పిచ్చెక్కిపోతారు. ఒకావిడ నేస్తాన్ని అడిగింది, మీ గైడ్ పేరేంటి అని. నేస్తం నోరు తెరిచి మూసీసింది. తర్వాత నా డొక్కలో పొడిచి, నువ్వే చెప్పు అని సైగ. "రమణి" అని నేనే చెప్పాను. వాళ్లకి అర్థం కాలేదు. మేమిద్దరం దారంతా నవ్వుకున్నాం.

రాయి దగ్గర ఆపీసాను. నేస్తం నా పక్కనే నిలబడి అందరికీ చెప్పింది, దీని అవతల మనది కాదు అని. గర్వంగా అనిపించింది.

డిసెంబర్ 7

ఈ నెల బుకింగ్స్ లేవట. రెస్ట్ తీసుకో, కాఫీ పళ్లు కోసుకో అంది నేస్తం. డుంబ్రిగుడలో హోమ్‌స్టేలన్నీ ఫుల్లు, జీపులు ఖాళీ లేవు. మాకే లేవేమో. ఆఫీసులో ఏదో గొడవై ఉంటుంది. పాపం, టెన్షన్‌లో ఉన్నట్టుంది, బేగి ఫోన్ పెట్టీసింది.

డిసెంబర్ 14, ఆదివారం, పొద్దున్న 6

కుళాయిలో నురగ వస్తంది. షాంపూ వాసన.

అదే రోజు, సాయంత్రం

రాయాలని లేదు. రాస్తాను.

పొద్దున్న ఊరంతా బిందెలు పట్టుకుని ఆ నురగ చూస్తా నిలబడ్డారు. కొండమీద ఎవర్తి తలంటుకుంటందే అని సోంబరు తాత అడిగితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సిగ్గులేక.

పదిమందిమి ఎక్కాం. ఊట చుట్టూ తొమ్మిది టెంట్లు. నారింజ రంగువి. ఊట మీద తాడు కట్టి తువ్వాళ్లు ఆరేశారు. గట్టు మీద, సరిగ్గా నీళ్లు పుట్టే చోటికి పైన, గొయ్యి తీసి చుట్టూ గుడ్డ కట్టారు. అదేంటో చెప్పక్కర్లేదు. నేను నేస్తానికి డొప్ప ఇచ్చిన బండ మీద ఎవరో పళ్లు తోముకుంటున్నారు. పాతిన బోర్డు మా ట్రెక్కింగ్ ఆఫీసుదే. గైడ్లు ఇద్దరూ ఎక్కడివాళ్లో, మా వైపు మనుషులు కాదు. ఇక్కడికి ఎలా వచ్చారురా అంటే ఫోన్ చూపించారు. మ్యాప్ మీద ఎర్ర గీత. ఆఫీసు పంపింది, దాని మీద నడిచాం అన్నారు.

ఒక ముసలాయన, క్లయింటు, నన్ను చూసి స్థానికురాలివి కదా అని అడిగాడు. దారి బాగానే ఉందమ్మా, కానీ చాలా దూరం వచ్చాక మమ్మల్ని వెనక్కి తిప్పి, ఒక పనస చెట్టు చుట్టూ రెండుసార్లు తిప్పి, మళ్లీ పైకి నడిపించారు, అదేదో మీ ఆచారమా అని.

ఆచారం కాదండీ. నా కత్తి. పద్దెనిమిది మంది పట్నం వాళ్లు నేను మర్చిపోయిన కత్తి కోసం వెనక్కి వెళ్లి వచ్చారు. ఆ దారిలో ఆవేళ నడిచింది ఇద్దరమే. ఇద్దరిలో వాచ్ ఉన్నది ఒకదానికే.

మధ్యాహ్నం పంచాయతీ. ఎవరు చూపించారే అని అడిగారు. నా నేస్తం అన్నాను. పేరు చెప్పమన్నారు. చెప్పలేదు. నేస్తం తప్పయితే నీ తప్పేనే అన్నాడు సోంబరు తాత. కోపంగా అనలేదు, అదే బాధ. తీర్పు ఇది: జనవరిలో కంది కొత్త పండగ లోపల నేస్తం వచ్చి రాయి దగ్గర తప్పు ఒప్పుకోవాలి. లేదంటే నేను పదిమందిలో మూడుసార్లు పేరు పలికి తెంపుకోవాలి. రెండూ లేకపోతే మా ఇంటికి కొత్త లేదు. కొత్త కందులు ఊరితో కలిసి తినని ఇంటి మనిషి కొండ ఎక్కకూడదు. ఇంక నేను గైడ్‌ని ఏటి, నా మొహం.

అమ్మ నేస్తం పెట్టిన కోటు దండెం మీంచి తీసి మూల పడీసింది.

డిసెంబర్ 15

పన్నెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

డిసెంబర్ 17, బుధవారం

ఎత్తింది! ఏడ్చింది. వాచ్‌లో ఎక్కిన దారి దానంతటదే ఆఫీసు కంప్యూటర్‌కి వెళ్లిపోతుందట, తనకే తెలీదట. లక్ష్మీప్రసాద్ సార్, అంటే ఆఫీసు ఓనరు, చూసి వాడేశారట. తను వద్దని కొట్లాడిందట. ఆదివారం వస్తాను, తాత కాళ్లు పట్టుకుంటాను, రాయి దగ్గర ఏం చెప్పమంటే అది చెప్తాను అంది. నేస్తం, నన్ను నమ్ము అంది.

నమ్మాను. ఒళ్లంతా తేలికైపోయింది. మూడు రోజుల తర్వాత ఇవాళే అన్నం సహించింది. అనవసరంగా దాన్ని అనుమానించాను, ఛీ.

డిసెంబర్ 21, ఆదివారం

రాలేదు. తన కోసం కోసిన కోడిని మేమే తిన్నాం.

డిసెంబర్ 27

అరకులో బొంగు చికెన్ అమ్మే గంగ వీడియో చూపించింది. నువ్వు ఫేమస్ అయిపోయావే అని సంబరంగా పిలిచింది, పాపం దానికేం తెలుసు.

ఊట. బండ. బండ మీద నేస్తం. నేను ఆకుల కోసం వెళ్లినప్పుడు తీసుకుంది. నవ్వుకుంటంది అనుకున్నానే, అది ఫోన్‌తో. ఈ రూట్ ఎవరికీ తెలీదు, నేనే కనిపెట్టాను అంటుంది. ఇక్కడిదాకా రావడానికి మూడేళ్లు పట్టింది, వీళ్ల నమ్మకం సంపాదించడం అంత ఈజీ కాదు అంటుంది. మూడేళ్లు. నా జ్వరం, అమ్మ కళ్లజోడు అన్నీ అందులో కలిపే లెక్క కాబోలు.

తర్వాత నేను డొప్ప పట్టుకుని వస్తాను. వెర్రిమొహంలా నవ్వుతా. దాని మీద నేస్తం గొంతు: ఈమె రమణి, మా లోకల్ గైడ్.

పేరు పలికీసింది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఊరి పదిమందిలో అన్లేదు కదా, అది లెక్కలోకి రాదు, నువ్వే అనాలి అంది అమ్మ. నలభై వేల మంది చూశారమ్మా అన్నాను. వాళ్లెవరే మనకి అంది.

ఆ వీడియో పదకొండుసార్లు చూశాను. నలభై వేలల్లో పదకొండు నావే.

జనవరి 3, శనివారం

వచ్చింది. రాయి దగ్గరికి కాదు, ఇంటికి. జీపు రోడ్డు మీదే ఆపించి, స్వీట్ బాక్స్ పట్టుకుని దిగింది. అమ్మ మంచినీళ్లు ఇచ్చింది. గెడ్డ నుంచి మోసుకొచ్చిన నీళ్లు. పైపు ఇంకా కడుగుతూనే ఉన్నారు. అది తాగీసి, నీళ్లు బాగున్నాయి ఆంటీ అంది. మొన్నటిదాకా అమ్మా అనేది.

మా వాళ్లు దారికి ముళ్లకంప కొట్టీసారు కదా, అందుకు వచ్చింది. సంక్రాంతి సెలవులకి బ్యాచులు ఫుల్ అయిపోయాయట. ఊరితో మాట్లాడి కంప తీయించమంది. హెడ్ గైడ్‌ని చేస్తారట, టీషర్ట్ మీద పేరు కూడా వేస్తారట. నా చెయ్యి పట్టుకుంది.

"రమణీ, ఇంత ఎమోషనల్ అయితే ఎలా?"

మొహం మీదే. తడుముకోలేదు కూడా.

ఇరవై రోజులుగా ఎన్నో అడగాలని లోపల్లోపల కూడబెట్టుకున్నాను. ఒక్కటే బయటికొచ్చింది. "నేస్తం కట్టింది రాయి దాటడానికేనా?"

వాచ్ వైపు చూసింది.

"మొదట్లో కాదు," అంది.

కాదని అబద్ధం చెప్పినా బాగుండేది. అవునని అన్నా తిట్టుకుని ఊరుకునేదాన్ని. మొదట్లో కాదట. మరి ఏ రోజు నుంచి? జ్వరం అప్పుడా, కళ్లజోడు అప్పుడా, ఒకే విస్తర్లో ముద్ద పెట్టుకున్నప్పుడా? అడగలేదు. జీపు ఎక్కుతుంటే అలవాటు చొప్పున "జాగ్రత్త నేస్తం" అన్నాను. నా నోరు పడిపోను.

జనవరి 10, శనివారం

రేపే కంది కొత్త.

టెంట్లు వేరే కొండకి మార్చారని గంగ చెప్పింది. ఆ కొండ కింద ఊళ్లో ఎవరికి నేస్తం కట్టిందో.

అమ్మ ఒక్కటే మాట అంది, నేను ముసలిదాన్ని, కొత్త తినకపోయినా గడిచిపోద్ది, నువ్వు కొండ ఎక్కకుండా ఉండలేవు అని. నిజమే. నాకు వేరే పని రాదు. వేరే పని ఇష్టం లేదు. నాన్న నాకిచ్చింది ఆ దారులే.

పొద్దున్న కాఫీ తోటలోకి పోయి, ఎవరూ లేరు కదా అని, పేరు అని చూద్దామనుకున్నాను. రాలేదు. కోపం ఉంది, ఏడుపు ఉంది, పేరు మాత్రం గొంతు దాటదు. దాని మీద ప్రేమ ఇంకా చావలేదేమో. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. అది నా పేరుని అంత సులువుగా అనీసింది. నాకేం రోగం?

కాసేపు పనస చెట్టు కింద కూర్చున్నాను. చెట్టు చుట్టూ గడ్డి అణిగిపోయి దారి పడిపోయింది. ఇంకో వాన పడితే గానీ లేవదు.

జనవరి 11, ఆదివారం

మాధవి.

మాధవి.

మాధవి.

రాయి దగ్గర, అందరి ముందూ, సోంబరు తాత నా చేతిలో కొత్త కందులు పెట్టాడు. తిన్నాను.

దిగుతుంటే సగం దారిలో గుర్తొచ్చింది, కత్తి రాయి దగ్గరే వదిలీసానని. వెనక్కి వెళ్లలేదు.