చెరో పెట్టె

1998 జూన్ 4, తణుకు

నాన్న స్పీకరు పెట్టె వెనక పలక విప్పాను. వైరు పట్టే స్ప్రింగు క్లిప్పులు తుప్పు. వైరు చిలుము పట్టి పచ్చగా ఉంది, ముట్టుకుంటే పొడి. క్లిప్పుల బదులు బిగించడానికి రాజమండ్రి నుంచి ఇత్తడి స్క్రూ టెర్మినళ్లు, మందం వైరు తెచ్చా. పాత బెజ్జాలు చాలవు. రేపు డ్రిల్లు పెట్టాలి.

పంపకాల్లో పెద్దమనుషుల తెలివి తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. జత పెట్టెలు చెరొకటి. ఆంప్లిఫయరు, టేపు డెక్కు నాకు. నాన్న పాడిన పద్యాల క్యాసెట్టు అన్నయ్యకి. "ఇద్దరికీ సమానం కదయ్యా" అని తాంబూలం నములుతూ వెళ్లిపోయారు. ఇంటి మధ్యన గోడ లేచింది. నాన్న గొంతు విని రెండేళ్లు.

జూన్ 5

డ్రిల్లు చప్పుడు విని అన్నయ్య గోడ దూకి వచ్చాడు. చేతిలో కొబ్బరిబొండాల కత్తి. "నాన్న పెట్టెకి కన్నాలు పెడతావేంట్రా..."

ఒక్క వేటుకి వైరు తెగింది. రెండోది పెట్టె అంచుకి. మూడోది నాకే అనుకున్నా — వైరు అతకడానికి పక్కన కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ తీసి వాడి ముంజేతికి ఆనించేశా. చుయ్యిమంది. కత్తి జారింది. వాడు చెయ్యి పట్టుకుని నన్ను చూసి వెళ్లిపోయాడు.

నా తప్పేం లేదు. లేదు.

జూన్ 6

అన్నం సయించలేదు. ఆ కాలిన వాసన ముక్కులోనే ఉంది.

జూన్ 7

గోడవతల వాడి గొంతు, ఎవరితోనో... "వాడు నాకు తమ్ముడే కాదండి."

ఒళ్లు ఉడికిపోయింది. గొడ్డలి తీసుకుని తిన్నగా వాళ్ల సావిట్లోకి వెళ్లా. వాడు లేడు, వీధిలోకి వెళ్లాడు. బల్ల మీద వాడి వాటా పెట్టె. ఎన్ని దెబ్బలు వేశానో తెలీదు. వదిన గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

వెనక పలక ఊడింది. లోపల కొత్త వైరు. క్లిప్పులు పాతవే, తళతళలాడేలా తోమి, ఒక్క కన్నం వెయ్యకుండా వెనకనుంచి అతికించాడు. బల్ల కింద ఇంత చుట్ట వైరు. ఒక్క గదికి అంత దేనికి?

వదినే చెప్పింది. "గోడ మీంచి మీ ఆంప్లిఫయరు దాకా రావాలని తాడేసి కొలిచారండి, మరిది గారూ. మామయ్యగారి తద్దినానికి రెండు పెట్టెలూ కలిపి పెడదామని. మీతో ఎలా అనాలో తెలీక..."

గొడ్డలి అక్కడే వదిలేసి వచ్చా.

జూన్ 8

పక్కింటాయన పోలీసు రిపోర్టు ఇమ్మన్నాట్ట. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందండి" అన్నాట్ట అన్నయ్య. బొబ్బ పగిలిందట.

సిగ్గేస్తోంది. చచ్చిపోయేంత సిగ్గు.

జూన్ 9

టెర్మినళ్లు బిగించా. స్క్రూ రెండుసార్లు జారింది.

వాడి పెట్టె చెక్కలే పోయాయి. స్పీకరు కాగితం చిరగలేదు, కళ్లారా చూశా. బల్ల మీద ఊరికే పెట్టినా పలుకుతుంది.

జూన్ 10 — తద్దినం

బ్రాహ్మడు ముందు అటు, తర్వాత ఇటు. పిండాలు కూడా వేరే.

ఆంప్లిఫయరు వేశా. నా మందం వైరు దాని రెండో పెట్టె వైపుకి తగిలించి, కొస గోడ మీంచి అటు విసిరా. ఏదో అందామనుకున్నా... "అన్నయ్యా, వైరు" అనే వచ్చింది నోట.

అటు అడుగులు దగ్గరికొచ్చాయి. ఆగాయి.

డెక్కు తలుపు తీసే ఉంచా. క్యాసెట్టు రాలేదు. వైరు వెనక్కీ రాలేదు.

కాకులు రెండు వైపులా తినేసి వెళ్లాయి. ఇంకా ఇక్కడే కూర్చున్నా.