గిత్తకు సిగ్నల్ అందటం లేదు

దర్శి పక్క పల్లె, జనవరి 6

డాక్టర్ శ్రీరమ్య గారికి, గిత్తను మేపే ప్రసన్నకుమార్ కోపంతోనే నమస్కరించి రాయునది.

మీ ల్యాబువాళ్ళొచ్చి మా ఒంగోలు గిత్త వృషణంలో సూది గుచ్చి నమూనా పట్టుకెళ్ళి నెల దాటింది. ఇంతవరకు కబురు లేదు. ఏడాదిగా దాంతో దాటించిన ఒక్క ఆవూ చూడి కట్టలేదు. ఏప్రిల్ దాటితే విత్తులు కొట్టించి నాగలికి కడతానంటున్నాడు ఆసామి అంకమ్మరావు. దూడప్పట్నుంచి నా చేత్తో పెంచాను దాన్ని. తొందరగా చెప్పండి.

ఇట్లు, ప్రసన్నకుమార్

తా.క.: ఫోన్ చేయకండి. మా ఊళ్ళో సెల్లుకి సిగ్నల్ రాదు.

గుంటూరు, జనవరి 14

ప్రసన్నకుమార్ గారికి,

ఆలస్యానికి మన్నించండి. గిత్త వృషణాల్లో స్టెమ్ సెల్స్ బాగున్నాయి. వీర్యకణాలుగా ఎదగాల్సినవి అవే. ఎదగమనే సిగ్నల్ వాటికి అందటం లేదు, అంతే. అందితే రెండు మూడు నెలల్లో దారికొస్తాయి.

భవదీయురాలు, శ్రీరమ్య

తా.క.: ఏం చేయాలో జతచేసిన కాగితంలో ఉంది.

పల్లె, జనవరి 22

డాక్టరు గారికి,

కవర్లో రెండో కాగితం లేదు. పర్లేదు, నాకు అర్థమైంది. సెల్లుకి సిగ్నల్ లేదని మీకు ముందే రాసింది నేను. గిత్తక్కూడా అదే జబ్బని చెప్పటానికి మీకు నెల పట్టింది. నేను బడి మానేసినా తరంగాల గురించి చదువుకున్నాను. రోజూ పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు నడిపించి, సాగర్ కాలువ గట్టు మీది టవరు కింద కట్టేస్తున్నా. చీకటిపడే ముందు విప్పుకొస్తున్నా. "ఏరా, రీచార్జి కూడా నేనే చేయించాలా?" అన్నాడు ఆసామి.

ఇట్లు, ప్రసన్నకుమార్

తా.క.: ఏ కంపెనీ టవరో మీరు రాయలేదు. ఇక్కడ రెండున్నాయి. మధ్యలో కట్టాను.

పల్లె, ఏప్రిల్ 20

డాక్టరు గారికి,

జవాబివ్వకపోయినా పర్లేదు. పశువుల డాక్టరు మళ్ళీ పరీక్ష చేశాడు. వీర్యకణాలు కిటకిటలాడుతున్నాయట. ఆసామి నాగలి మాట ఎత్తటం లేదు.

ఇట్లు, టవరు వైద్యుడు ప్రసన్నకుమార్

గుంటూరు, ఏప్రిల్ 27

ప్రసన్నకుమార్ గారూ,

మూడు నెలలు సెలవులో ఉండి, మీ ఉత్తరాలు రెండూ ఒకేసారి చదివాను. సెల్ అంటే కణమండీ, ఫోను కాదు. ఆ సిగ్నల్ విటమిన్ ఎ నుంచి ఒంట్లోనే తయారవుతుంది. ఎండుగడ్డి తినే మీ గిత్తకు కాలువ గట్టున ఆ విటమిన్ అందించే పచ్చగడ్డి దొరికింది. వైద్యం చేసింది ఆ గడ్డి. ఇకమీదట ఇంటి దగ్గరే పచ్చిమేత వేయండి.

శ్రీరమ్య

తా.క.: ఆ రెండో కాగితం నా టేబుల్ సొరుగులో దొరికింది.

పల్లె, మే 4

డాక్టరు గారికి,

గడ్డి అని ఆ మొదటి కాగితం మీదే రాస్తే మీ సొమ్మేం పోయింది? ఇప్పుడు చెప్తే వినేవాడు లేడు. టవరు కింద ఏడు గిత్తలు, రెండు దున్నపోతులు ఉన్నాయి. అద్దంకి నుంచి కూడా తోలుకొస్తున్నారు.

ఇట్లు, ప్రసన్నకుమార్

తా.క.: మా కోటేశ్వరక్క నిన్న మొగుణ్ణి తీసుకొచ్చింది. "ఆరేళ్ళుగా అందరూ నన్నే గొడ్రాలన్నారు. సిగ్నల్ లేంది నీకేనేమో, కూర్చో" అని చాప పరిచింది. ఇవాళ ఇంకో ఇద్దరు ఆడాళ్ళు మొగుళ్ళని తెచ్చారు. గడ్డి ముగ్గురికీ సమానంగా వేయాలా, బరువును బట్టి వేయాలా?