ఇంకాల గోడ, మల్లయ్య కళ్ళు

దోహా, 1997, శనివారం రాత్రి

పెరూ నుంచి వచ్చాక ఇవాళే మొదటి డ్యూటీ. అడవిలో నాలుగు రోజులు నడిచి చూసిన, అక్కడి ప్రాచీన రాజులైన ఇంకాల శిథిలాల ఫోటోలు అల్ రయ్యాన్ సైట్‌కి తీసుకెళ్ళాను. తోటి ఇంజనీర్లు కొండల్ని మెచ్చుకున్నారు. మా మేస్త్రీ మల్లయ్య మాత్రం ఒక్క గోడ ఫోటో పట్టుకుని కదల్లేదు.

"సిమెంట్ లేదు గద సార్! రాయి మీద రాయి ఎట్ల కూసుండవెట్టిండ్రో చూడుండ్రి. గోడ జర లోపటికి వంచిండ్రు. భూమి కదిలినా పడది."

ఆ గోడకే ఆనుకుని ఫోటో దిగాను నేను. నాకా వంపు కనబడనే లేదు. ఆ కళ్ళకి దండం పెట్టాలనిపించింది.

ఫోటోలో నా పక్కనున్న మనిషి ఎవరని మల్లయ్య అడిగాడు. మూడో రోజు వానలో లోయ అంచున నేను జారితే, వీపున డేరా మూటతోనే నన్ను పట్టి లాగిన మా సామాన్ల కూలీ అని చెప్పాను.

"శాన గట్టోడు సార్! మా లేబర్ క్యాంప్‌ల అందరికి చూపెడ్త. పేరేమని చెప్పాలె?"

నాలుగు రోజులు అతని వెనకే నడిచాను. పేరు అడగనే లేదు.

ఇప్పుడు అతని పేరు అడుగుతూ, ఆ ట్రెక్ నడిపిన కంపెనీ వాళ్ళకి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. అంతమంది కూలీల్లో అతను ఎవరని రాయాలో...