మూడో మొలక

కాంబా, కాన్‌బెర్రా
19 అక్టోబర్ 2023

ప్రియమైన గ్వెండాకు,

నోరీన్ రాస్తున్నాను. నువ్వూ, నీ మేకలూ, సముద్రపు గాలికి ఎదురున్న నీ ఇంటి కప్పూ అంతా క్షేమమని తలుస్తాను. రాసిందెవరో చూడగానే చించెయ్యకు. వేళ్ల కీళ్లు వాచి అక్షరాలు వంకర్లు పోతున్నాయి, ఇంతమటుకు రాయడానికే రెండు కప్పుల టీ చల్లారిపోయింది. ముప్ఫై తొమ్మిదేళ్ల తరవాత ముందు ఏ మాట చెప్పాలో తెలియక కబుర్లతో మొదలుపెడుతున్నాను.

మా ఆయన లాయిడ్ పోయి నాలుగేళ్లయింది. మాకు పిల్లలు లేరు. మాగ్‌పై పిట్టలు గుడ్ల మీద ఉన్నాయి, దగ్గరికెళ్తే ఎగిరొచ్చి తల మీద పొడుస్తాయి, ఉత్తరాల పెట్టె దాకా వెళ్లాలంటే నెత్తిన ఐస్‌క్రీం డబ్బా బోర్లించుకోవాలి. నన్ను చూసి నవ్వేవాళ్లు కూడా లేరు, పక్కింటి జ్వోంకో తప్ప. క్రొయేషియా నుంచి వచ్చి యాభై ఏళ్లయింది ఆయనకి. మిరప మొక్కలతో మాట్లాడతాడు, నాతో కంచె మీంచి పోట్లాడతాడు.

అసలు కబురు ఇది. ఇప్పుడు మా ఊళ్లో మనిషికి రెండు చొప్పున గంజాయి మొక్కలు ఇంట్లో పెంచుకోవచ్చు. ఎవరూ ఏమీ అనరు. ఇది చదివి నువ్వు నవ్వుతావో, తిట్టుకుంటావో.

మొన్న లాయిడ్ గాలాల డబ్బా ఎవరికైనా ఇచ్చేద్దామని తెరిస్తే, అడుగున కాగితంలో చుట్టిన నాలుగు గింజలు కనిపించాయి. ఎప్పుడు దాచాడో, నాకెందుకు చెప్పలేదో. ముప్ఫై మూడేళ్లు ఒక కప్పు కింద బతికాం. ఆ గింజలు అరచేతిలో పెట్టుకుని గరాజులోనే చాలాసేపు కూర్చున్నాను.

నువ్వు నేర్పినట్టే చేశాను. ఒక రాత్రంతా గ్లాసు నీళ్లలో వేశాను. తెల్లారి తడి కాగితం మడతలో పెట్టి, పళ్లెం మీద పళ్లెం మూసి, వేడినీళ్ల ట్యాంకు ఉన్న అలమారలో పెట్టాను. రోజుకి పదిసార్లు తీసి చూసేదాన్ని. సంగతి తెలిసి జ్వోంకో ఊరుకుంటాడా?

“ఏమ్మా నోరీన్, అస్తమానం దుప్పటి ఎత్తి చూస్తుంటే ఎవరు మాత్రం నిద్ర లేస్తారు? దాని మానాన దాన్ని వదిలెయ్!”

“చూసుకోడానికి నాకింకేం ఉంది?” అన్నాను.

ఆయన కంచె మీంచి ఒక క్యాబేజీ అందించాడు.

నాలుగో రోజున ఒక గింజ పగిలింది. తెల్లటి వేరు, ఎలకపిల్ల తోకంత. సాయంత్రానికి ఇంకొకటి, మర్నాడు మూడోది. నాలుగోది లేవలేదు. మూడింటినీ పెరుగు డబ్బాల్లో మట్టి పోసి పెట్టి వంటింటి కిటికీలో ఉంచాను. రెండేసి ఆకులు విప్పాయి. పొద్దున్నే లేచి వాటికి గుడ్‌మార్నింగ్ చెప్పేదాన్ని. నిజం చెప్పనా గ్వెండా, నాకు దాన్ని తాగాలని లేదు. ఇంట్లో నేను కాక ఇంకో ప్రాణి పెరుగుతుంటే చాలనిపించింది.

కానీ నా వాటా రెండే. మూడోదాన్ని తీసుకోమని జ్వోంకోని అడిగాను.

“చేతులు మారకూడదట. మా అమ్మాయి చదివి చెప్పింది. ఈ దేశం వచ్చాక నేను ఎర్ర లైటు కూడా దాటలేదు, ఇప్పుడు డెబ్బై ఆరేళ్లకి నన్ను దొంగని చెయ్యకు తల్లీ!”

“అయితే పీకేయమంటావా?”

“పీకేయ్. మొక్కేగా.”

పీకాను. వేలెడంత మొలక, దాని వేరు మాత్రం డబ్బా అడుగుదాకా పాకి ఉంది. చేతికి మట్టితో సహా వచ్చింది. సింకు దగ్గర నిలబడి ఏడ్చాను. నింబిన్ ఊరవతలి లోయలో నీ గంజాయి తోట గుర్తొచ్చింది. ఆ పొద్దున పోలీసులు మొక్కల్ని వేళ్లతో సహా పెరికి ట్రక్కులోకి విసరడం, నువ్వు రాత్రి గౌనుతోనే, కాళ్లకి చెప్పులైనా లేకుండా వాళ్ల వెనక నడవడం. నాలుగు నెలలు జైలు. బయటికొచ్చాక నువ్వు లోయకి తిరిగి రాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు.

నీ అన్న రెజ్ సంగతి కూడా చెప్పాలి. లిస్మోర్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉన్నాడు, చూపు దాదాపు పోయింది. లాయిడ్ పోయినప్పటి నుంచి అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటాడు. ప్రతి క్రిస్మస్‌కీ నీకు కార్డు పంపిస్తాడట, విప్పకుండానే తిరిగొస్తుందట. నీ మేకల సంగతీ, నీ చిరునామా ఆయనే చెప్పాడు, కంఠతా వచ్చినట్టు, గడగడా. పోలీసులకి చెప్పింది ఆయనేనని నువ్వు నమ్మావు. కాస్త మనసు మెత్తబరుచుకుని ఒక్కసారి మాట్లాడు. ఎనభై దాటాయి ఆయనకి.

ఇంతకన్నా రాయడానికి వేళ్లు సహకరించడం లేదు. ఆ సముద్రపు గాలిలో ఒళ్లు జాగ్రత్త.

ఒకప్పటి నీ స్నేహితురాలు,
నోరీన్

తా.క. కవరు అంటించి, రెండు రోజులు పోస్టులో వెయ్యలేక, మళ్లీ చింపాను. రెజ్‌ని క్షమించమని రాశాను, ఆయన ఏం తప్పు చేశాడని? పోలీసులకి ఫోన్ చేసింది నేను. పంట అమ్మగానే ఉత్తరాన డార్విన్ ఊరికి వెళ్లిపోతానన్నావు. నేనూ వస్తానంటే, “నీవల్ల కాదులే నోరీన్” అని నవ్వావు. మొక్కలు పోతే ఆగిపోతావనుకున్నాను. నిన్నే తీసుకుపోతారని అనుకోలేదు. అందరూ రెజ్ పేరు చెబుతుంటే నోరు మూసుకున్నాను. నిన్న ఆయనకి ఫోన్ చేసి చెప్పేశాను. ఆయన అన్నాడు: “దానికి నువ్వే రాయి. నేను చెబితే నమ్మదు.” ఆయన నంబరు ఈ కాగితం వెనక రాశాను. నాది రాయలేదు.