కొబ్బరినీళ్ళు పోసిన బండి

మంగళవారం, రాత్రి

కూలెంట్ మారుద్దామని సాయంత్రం రేడియేటర్ కింద బోల్టు విప్పితే, పచ్చటి నీళ్ళకు బదులు గోధుమరంగు జిగురు కారింది. పులిసిన కల్లు వాసన. నాకు జ్వరమని వారం రోజులుగా కొబ్బరిబొండాల లోడుతో బండి తిప్పింది చెల్లెలి మొగుడు. అతన్నే అడిగాను.

"కాట్రేనికోన దాటేక ఇంజను వేడెక్కిపోయింది బావా. చుట్టూ రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళే. బళ్ళో బొండాలున్నాయి కదాని కొట్టి పోసేను."

ఉప్పునీళ్ళు పొయ్యకూడదని మాత్రం తెలుసు, పాపం. ఎన్నిసార్లు కడిగినా జిగురు వదల్లేదు. కొత్త కూలెంట్ పోసి స్టార్ట్ చేస్తే రేడియేటర్ మూతి దగ్గర బుడగలు, పైన నూనె తెట్టు.

మెకానిక్ వచ్చి చూశాడు. "ఇంజనాయిలు నీళ్ళలో కలిసిపోతోందండి, ఇంజను విప్పాలండీ. బాగవుద్దో లేదో ఇప్పుడే చెప్పలేనండి."

ఇల్లు నడిచేది ఆ బండి మీదే. తెల్లారితే రాజోలులో లోడు ఎత్తాలి. కొబ్బరి షావుకారు రేపు ఇంకో బండి పెట్టుకుంటే, మళ్ళీ నన్నెందుకు పిలుస్తాడు...

ఇందాక చెల్లెలి మొగుడే బొండం కొట్టి తెచ్చాడు. "ఏం తినలేదు, ఇదన్నా తాగు బావా."

తాగాను. బొండం కింద పెట్టినా అతను కదల్లేదు, తిడతానని ఎదురుచూస్తూ నిలబడ్డాడు. తిట్టి ఉంటే ఇద్దరికీ నిద్రపట్టేదేమో.