లెటీ పేరున్న చీటీ

ఒహాయో,
1884 మార్చి 9

చెల్లెలు తబితకు,

నాన్న చివరి మంచం పక్కన మనం ముగ్గురం బైబిలు మీద చేతులు పెట్టి ఒట్టు వేశాం, మన బానిసలు హెస్టర్‌నీ ఆమె కూతురు లెటీనీ విడదీయబోమని. ఆరు వారాలు కూడా నిలుపుకోలేదు. ఈ మాటతో మొదలుపెట్టానని కోపగించుకోకు. ఇక్కడ నేను క్షేమమే, మోకాళ్ళు తప్ప మిగతావన్నీ పనిచేస్తున్నాయి. కెంటకీలో నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడి పోయిన తమ్ముడు జెరెడ్ పేరు చెక్కిన రాయిని కోర్టు ముందు నిలబెడుతున్నారనీ, నన్నూ రమ్మనీ రాశావు. రాను. బానిసలను ఉంచుకునే హక్కు కోసం చచ్చిపోయాడని ఆ రాయి మీద రాయరు కదా. ఉత్తరాది పక్షాన పోరాడి నా కొడుకు ఒక కాలు పోగొట్టుకున్నాడు. ఆ కాలికి ఎవరూ రాయి పెట్టలేదు.

హెస్టర్ ఇంకా బతికే ఉందా అని కూడా అడిగావు, ఏదో పాత ఆవు సంగతి అడిగినట్టు. ఉంది. ఎనభైకి దగ్గరపడింది. పోయిన నెల నదిలో మంచు కరగగానే సిన్సినాటీ నుంచి పడవలో నా గుమ్మానికి వచ్చింది.

"ఎత్తుకుని పెంచినదాన్ని, కూర్చోమనవేం బాబూ?" అంది.

కూర్చోబెట్టాను. గోడలన్నీ తేరిపార చూసింది.

"అబ్బో, ఎన్ని పుస్తకాలో! వీటిల్లో ఎక్కడన్నా మా లెటీ ఉందా?"

పద్దెనిమిదేళ్ళుగా ఆమె కూతురి ఆచూకీ కోసం పత్రికలో ప్రకటన వేయిస్తోంది. నల్లవాళ్ళ చర్చిలన్నిటిలో ఆదివారం పాదిరి వాటిని చదివి వినిపిస్తాడు. ఎవరూ జవాబివ్వరు. కొన్నవాడి ఇంటిపేరే వాళ్ళకూ ఇంటిపేరయ్యేది. ఆ పేరు తెలియకుండా లెటీ అంటే ఎవరు పలుకుతారు?

"ఆ రోజు టోపీలో చెయ్యెందుకు పెట్టలేదు బాబూ? ఇన్నేళ్ళూ ఆలోచించా. నాకు బోధపడలా."

నీకూ గుర్తుండే ఉంటుంది. నాన్న ఆస్తి పంపకంలో మనుషులను సమానమైన ధర పలికే మూడు వాటాలు చేసి, చీటీలు రాసి, నాన్న టోపీలోనే వేశారు. లెక్క సరిపోవడానికి తల్లిని ఒక వాటాలో, కూతురిని ఇంకో వాటాలో పెట్టారు. జెరెడ్ తీశాడు, నీ భర్త ప్రాథర్ తీశాడు. మిగిలింది లెటీ ఉన్న చీటీయేనని అందరికీ తెలుసు. మనుషులను పంచుకునే టోపీలో నా చెయ్యి పెట్టనన్నాను. "అన్నగారి చేతులు మాసిపోతాయిట! సబ్బు తేండ్రా!" అన్నాడు జెరెడ్. అందరూ నవ్వారు. నా వాటా నీకు రాసిచ్చి దిగి వచ్చేశాను. ఆ సంగతి బానిసత్వాన్ని రద్దు చేయాలనే సభల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో. చప్పట్లు కొట్టేవారు.

సభల్లో చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. మెట్లు దిగుతుండగానే నాకు తట్టింది. ఆ చీటీ తీసుకుని ఉంటే రెండు రోజుల్లో లెటీని నది దాటించి, బానిసత్వం లేని ఈ ఒడ్డున విడుదల పత్రం రాసి ఇచ్చేవాణ్ణి. వెనక్కి వెళ్ళవచ్చు కూడా. కానీ వెళ్తే జెరెడ్ మళ్ళీ నవ్వుతాడు. అందుకని వెళ్ళలేదు. పది రోజులకు ప్రాథర్ ఆ పిల్లను దక్షిణాది వ్యాపారికి అమ్మేశాడు.

ఇదంతా హెస్టర్‌కు చెప్పాను.

"నవ్వుతారనా?" అంది. "నవ్వుతారనా, బాబూ?" అని మళ్ళీ అడిగింది. తర్వాత శాలువా ముడివేసుకుంటూ, "ఆ వ్యాపారి పేరు తబితమ్మగారికి తెలుసు. రాయించు, ఎవరికి అమ్మాడో ఆ పేరు పట్టుకుని వెతుక్కుంటా" అంది.

ఆ పేరు అడుగుతూ ఇది నా మూడో ఉత్తరం; ముందు రెంటిలో హెస్టర్ వచ్చిన సంగతి రాయలేదు. మొదటిదానికి వానల గురించి రాశావు, రెండోదానికి రాయి గురించి. అమ్మకం కాగితాలు యుద్ధంలో తగలబడ్డాయన్నావు. కాలిపోతే కాలిపోనీ. ఆ వ్యాపారి మీ ఇంట్లో భోంచేశాడు, వడ్డించింది నువ్వు. పేరు తెలియని వాడికి వడ్డించే అలవాటు నీకు ఎన్నడూ లేదు.

జెరెడ్ మట్టిలో ఉన్నాడు. ప్రాథర్ కూడా పోయాడు. నా తప్పు నేను మోస్తున్నాను, ఎవరూ దించక్కరలేదు. హెస్టర్ మాత్రం ఈ ఆదివారమూ చర్చిలో చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఒక్క మాటతో ఆమె కూతురు దొరకవచ్చు, ఆ మాట నోట్లో పెట్టుకుని కూర్చున్న మనిషినే నేను ఈనాటికీ తప్పుపడుతున్నాను. నిన్నే, తబితా.

ఇట్లు,
నీ అన్న
లెమ్యూల్